చిన్న ద్వీప దేశం, పెద్ద మిత్రదేశం: మాల్దీవుల పాఠాన్ని చదివి జవాబు రాయడం ఎలా?

సివిల్స్ మెయిన్స్‌ను తెలుగు మాధ్యమంలో రాయదలచిన కొందరు పిల్లలకు నల్లగొండలో సాయంత్రం పూట రాజనీతిశాస్త్రం చెబుతుంటాను. రెండో జనరల్ స్టడీస్ పేపరులో భారతదేశానికి పొరుగు దేశాలతో ఉన్న సంబంధాలు ఒక ముఖ్యాంశం. మాల్దీవుల పాఠం ముగిసిన రోజున దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, “సార్, మనం నీళ్లిచ్చినం, బియ్యమిచ్చినం, సైన్యాన్ని పంపి వాళ్ల ప్రభుత్వాన్ని నిలబెట్టినం. మరి వాళ్లు మనల్ని పొమ్మని చెప్పి ఓట్లెట్ల గెలిచినరు?” అని అడిగింది. ఆమె నోటుబుక్కు తీసుకుని చూశాను. 1988 నుంచి మనం చేసిన ప్రతి సాయం అందులో తేదీతో సహా ఉంది. మాల్దీవుల లోపల ఏం జరిగిందన్న దానిపై మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. ఆ నోట్సు రాయించింది నేనే కాబట్టి ఆ లోపం నాదే. ఆ రోజు నుంచి పాఠం చెప్పే పద్ధతి మార్చుకున్నాను. ఆ మారిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

పద్ధతికి మూలం ఒక్కటే: చిన్న దేశానికీ పెద్ద దేశానికీ ఉన్న సంబంధాన్ని చిన్న దేశం ఒడ్డు నుంచి చదవడం మొదలుపెట్టాలి. పెద్ద దేశం ఏమిచ్చిందన్నది రెండో ప్రశ్న. చిన్న దేశానికి ఏది లేకపోతే రోజు గడవదు, ఏది పోతే తల ఎత్తుకోలేదు అన్నవి మొదటి ప్రశ్నలు.

ముందు దేశాన్ని కొలవండి

అట్లాసు తెరిచి లక్షద్వీపాలలో దక్షిణాన ఉన్న మినికాయ్‌ని వెతకండి. అక్కడి నుంచి మాల్దీవులు సుమారు 70 నాటికల్ మైళ్ల దూరం, మన పశ్చిమ తీరం నుంచి సుమారు 300 నాటికల్ మైళ్లు. మినికాయ్‌కీ మాల్దీవులకూ మధ్య ఉన్న నీటిదారి పేరు ఎనిమిది డిగ్రీల ఛానల్, మినికాయ్‌కీ మిగతా లక్షద్వీపాలకూ మధ్య ఉన్నది తొమ్మిది డిగ్రీల ఛానల్. పశ్చిమాసియా నుంచి చమురు తీసుకుని తూర్పుకు వెళ్లే ఓడల బాట ఈ ప్రాంతం మీదుగానే సాగుతుంది. ఆ రెండు ఛానళ్లనూ పెన్సిలుతో గీసి చూసుకున్న విద్యార్థికి మాల్దీవులపై మన దేశానికి అంత పట్టింపు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

తరువాత అంకెలు. మాల్దీవుల దీవులు దాదాపు 1,200 ఉంటే జనం నివసించేవి రెండు వందల లోపే. మొత్తం నేల సుమారు 298 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత నల్లగొండ జిల్లాలో యాభయ్యో వంతుకు దగ్గర. 2022 జనగణన ప్రకారం జనాభా 5.15 లక్షలు, అందులో పనికోసం వచ్చిన పరదేశీయులు కూడా కలిసి ఉన్నారు. ఇంత చిన్న నేలకు అంతర్జాతీయ సముద్ర చట్టం కింద దక్కిన ప్రత్యేక ఆర్థిక మండలం, అంటే చేపలు, ఖనిజాల వంటి వనరులపై ఆ దేశానికే హక్కు ఉన్న సముద్ర భాగం మాత్రం సుమారు 9 లక్షల చదరపు కిలోమీటర్లు. అది తెలంగాణ విస్తీర్ణానికి ఎనిమిది రెట్లు. మాల్దీవులను చిన్న దేశం అనే ముందు ఈ అంకెను ఒకసారి తలుచుకోవాలి. నేల చిన్నది, సముద్రం చాలా పెద్దది, ఆ సముద్రాన్ని కాపాడుకోవడానికి ఓడలు, విమానాలు, మనుషులు చాలరు. సాయం అడగవలసి రావడం, సాయానికి వచ్చినవారిని చూసి కలవరపడడం, ఈ రెండూ ఆ అసమానత నుంచే పుడతాయి.

అంకెలను అలాగే వదిలేయకుండా మనకు తెలిసిన కొలతల్లోకి మార్చుకోవడం అలవాటు చేసుకోండి. 1981 వాణిజ్య ఒప్పందం కింద ఏటా కొన్ని నిత్యావసరాలను మాల్దీవులకు ఎగుమతి చేసేందుకు మన ప్రభుత్వం కోటా ప్రకటిస్తుంది. 2024-25 సంవత్సరానికి ప్రకటించిన కోటాలో బియ్యం 1,24,218 టన్నులు, గుడ్లు 42.75 కోట్లు, ఇసుక 10 లక్షల టన్నులు, కంకర మరో 10 లక్షల టన్నులు ఉన్నాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల ముందు లారీల బారు చూసినవారు ఎవరైనా ఆ బియ్యాన్ని లారీకి 25 టన్నుల చొప్పున లెక్కేస్తే దాదాపు ఐదు వేల లారీలు అవుతుంది. తరువాత అదే అంకెను తలకు పంచి చూడండి. గుడ్లు మనిషికి ఏడాదికి ఎనిమిది వందలు దాటుతాయి. ఏటా 20 లక్షలకు పైగా వచ్చే పర్యాటకులను కలిపి చూసినా అది తినే లెక్కలా కనిపించదు. అప్పుడు కోటా అంటే గరిష్ఠ పరిమితి మాత్రమేనని, అంతా తప్పక కొన్నారని కాదని అర్థమవుతుంది. ‘భారత్ 42 కోట్ల గుడ్లు ఇచ్చింది’ అని రాసే విద్యార్థి ఇక్కడే రెండు తప్పులు చేస్తాడు. మొదటిది, అది ఇచ్చినది కాదు, అమ్మడానికి అనుమతించినది. రెండోది, అది పరిమితి, వాడకం కాదు. ఆ కోటా విలువ పరిమాణంలో కంటే మరొకచోట ఉంది. 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని మన దేశం సాధారణంగా నిషేధించింది, ఇసుక ఎగుమతి మీద ఆంక్షలు ఉన్నాయి. అయినా మాల్దీవులకు తలుపు తెరిచే ఉంచింది. జవాబులో రాయవలసింది ఆ తెరిచి ఉంచిన తలుపు గురించి.

నీటి సంగతి మనవాళ్లకు ఇంకా దగ్గరగా చెప్పవచ్చు. 2014 డిసెంబరు 4న మాలేలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి, లక్షకు పైగా జనం ఉన్న రాజధానిలో కుళాయిలు ఎండిపోయాయి. చుట్టూ సముద్రమే, కానీ గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు. ఆ దేశపు విదేశాంగ మంత్రి దున్యా మౌమూన్ మన విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్‌కు ఫోన్ చేయగా మరుసటి రోజే వాయుసేన విమానాలు నీళ్లతో మాలేలో దిగాయి, వెనుకనే ఐఎన్ఎస్ సుకన్య, ఐఎన్ఎస్ దీపక్ ఓడలు వెళ్లాయి. దానికి ‘ఆపరేషన్ నీర్’ అని పేరు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్లలో ఫ్లోరైడు నీళ్ల మధ్య పెరిగి, బిందె పట్టుకుని ట్యాంకరు కోసం ఎదురుచూసిన ఇళ్ల పిల్లలకు ఆ రోజు మాలే వీధి ఎలా ఉండి ఉంటుందో నేను వర్ణించి చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. అయితే అదే పిల్లలను ఇంకో ప్రశ్న అడుగుతాను. ట్యాంకరు పంపిన పెద్దమనిషి మీద గౌరవం ఉంటుంది కదా, ఆ గౌరవంతో మీ ఇంటి పెళ్లి సంబంధం ఆయననే కుదర్చమంటారా? ఎవరూ ఒప్పుకోరు. మాల్దీవుల పాఠంలో సగం అక్కడే తెలిసిపోతుంది. మరొక వివరం కూడా గమనించండి. ఆనాడు అధ్యక్షుడు అబ్దుల్లా యామీన్, చైనాకు దగ్గరవుతున్నారని పేరున్న నాయకుడు. ఆ కష్టంలో చైనా కూడా నీళ్లు పంపింది. సాయం ఒక్కచోటి నుంచే రాకుండా చూసుకోవడం చిన్న దేశం తెలిసి చేసే పనే.

నోటుబుక్కులో రెండు నిలువు వరుసలు

పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఇరుదేశాల మధ్య జరిగిన సంఘటన, కుడివైపు అదే కాలంలో మాల్దీవుల లోపల నడిచిన రాజకీయం రాయండి. కుడివైపు గడి ఖాళీగా ఉంటే ఎడమవైపు సంఘటన మీకు అర్థం కాలేదని గుర్తు.

మొదటి గడి 1965. జూలై 26న మాల్దీవులు బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం పొందింది, తొలినాళ్లలోనే గుర్తించిన దేశాల్లో మనది ఒకటి. 1976లో సముద్ర సరిహద్దు ఒప్పందం కుదిరి మినికాయ్ మన వైపు ఉన్న సంగతి కాగితం మీద స్థిరపడింది. ఈ రెండింటికి రెండు వాక్యాలు చాలు.

1988 దగ్గర ఆగాలి. నవంబరు 3న అబ్దుల్లా లుతూఫీ అనే మాల్దీవుల వ్యాపారి శ్రీలంకకు చెందిన ప్లోట్ సంస్థ సాయుధులను వెంటబెట్టుకుని మాలేను పట్టుకోవాలని చూశాడు. అధ్యక్షుడు మౌమూన్ అబ్దుల్ గయూమ్ పలు దేశాలను సాయమడిగారు. అదే రాత్రి ఆగ్రా నుంచి పారాచ్యూట్ బ్రిగేడ్ సైనికులతో ఐఎల్-76 విమానాలు బయలుదేరి, రెండు వేల కిలోమీటర్లకు పైగా ఆగకుండా ప్రయాణించి, హుల్హులే దీవిలోని విమానాశ్రయంలో దిగాయి. బందీలను తీసుకుని ఓడలో పారిపోతున్న దుండగులను నడిసముద్రంలో అడ్డగించిన యుద్ధనౌకల్లో ఒకటి ఐఎన్ఎస్ గోదావరి. ఈ ‘ఆపరేషన్ కాక్టస్’ గురించి ప్రతి విద్యార్థీ రాస్తాడు. రాయనిది దాని తరువాతి భాగం: పని ముగియగానే బలగాల్లో అత్యధిక భాగం వెనుదిరిగింది, ఉండిపోయిన చిన్న దళం కూడా ఏడాది తిరిగేసరికి వచ్చేసింది. అదే కాలంలో శ్రీలంకలో మన శాంతి సేన చిక్కుకుపోయి ఉన్న స్థితితో దీన్ని పోల్చి చూస్తే, వెళ్లడం కంటే తిరిగి రావడమే మాలేలో మనకు మంచిపేరు తెచ్చిందని నా అభిప్రాయం. కుడివైపు గడిలో ఇది కూడా రాయండి: గయూమ్ 1978 నుంచి 2008 వరకు ముప్పై ఏళ్లు అధికారంలో ఉన్నారు. 1988లో మనం నిలబెట్టిన ప్రభుత్వం, ఆ తరువాత చాలాకాలం ప్రతిపక్షాన్ని ఎదగనివ్వని ప్రభుత్వం, రెండూ ఒకటే. ఆ ప్రతిపక్షం నుంచి వచ్చిన తరానికి మన సాయం ఎలా కనిపించి ఉంటుందన్న ఆలోచన జవాబుకు లోతు తెస్తుంది.

2008లో తొలిసారి బహుళపార్టీ ఎన్నికల ద్వారా మహమ్మద్ నషీద్ గెలిచారు, 2012 ఫిబ్రవరిలో గద్దె దిగారు. తాను బలవంతంగా తప్పుకోవలసి వచ్చిందని ఆయన తరువాత చెప్పారు. ఈ కుడి గడి నిండితేనే 2012 నవంబరు నాటి ఎడమ గడి అర్థమవుతుంది. శంషాబాద్ విమానాశ్రయాన్ని కట్టి నడుపుతున్న జీఎంఆర్ సంస్థ, మలేషియా సంస్థతో కలిసి 2010లో మాలే విమానాశ్రయ ఆధునికీకరణకు 25 ఏళ్ల ఒప్పందం పొందింది. నషీద్ తరువాత వచ్చిన వహీద్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. పాలమూరు నుంచి గల్ఫ్‌కు వెళ్లే మనిషి దాటే శంషాబాద్ గేటుకూ, మాలే రాజకీయానికీ ఇలా ఒక ముడి ఉంది. ఈ ఉదంతంలో నేర్చుకోవలసింది ఇది: ప్రయాణికుల నుంచి వసూలు చేసే అభివృద్ధి రుసుముపై అక్కడి కోర్టులో వివాదం నడిచింది, ‘దేశపు ద్వారాన్ని పరాయి చేతికి ఇచ్చారు’ అన్న మాట వీధుల్లో పనిచేసింది, వ్యాపార ఒప్పందం దేశగౌరవ సమస్యగా మారిపోయింది. చివరకు సింగపూర్ మధ్యవర్తిత్వ ప్రక్రియలో ఒప్పందం చెల్లుతుందని 2014లో తేలింది, 2016లో మాల్దీవులు సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించింది. అంత చిన్న ఖజానాకు అది చిన్న మొత్తం కాదు. ఇక్కడ ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడం పరీక్షార్థి పని కాదు. పెద్ద దేశపు కంపెనీ వ్యవహారం పెద్ద దేశం వ్యవహారంగానే చిన్న దేశంలో చూస్తారన్న సంగతి గుర్తిస్తే చాలు.

2013 నుంచి 2018 వరకు యామీన్ కాలం: 2017 డిసెంబరులో చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై సంతకం, 2018 ఆగస్టులో చైనా నిధులతో కట్టిన మాలే–హుల్హులే వంతెన ప్రారంభం. 2018లో ఇబ్రహీం సోలిహ్ గెలిచాక గాలి మన వైపు తిరిగింది. ఆ డిసెంబరులో 140 కోట్ల డాలర్ల సాయాన్ని మన దేశం ప్రకటించింది. 2020లో మాలే నుంచి తిలఫుషి వరకు 6.74 కిలోమీటర్ల వంతెనల మార్గానికి నిధులు ప్రకటించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ‘ఇండియా అవుట్’ నినాదం పుట్టి పెరగడం చూడండి. సాయం పెరిగినకొద్దీ అనుమానం తగ్గుతుందని మనం అనుకుంటాం, కానీ సాయం కంటికి కనిపించేకొద్దీ ప్రతిపక్షానికి అది ప్రచారాంశం అవుతుంది. 2022 ఏప్రిల్‌లో సోలిహ్ ఆ ప్రచారాన్ని ఆదేశం ద్వారా నిషేధించారు. నినాదాన్ని అణచినంత మాత్రాన దాని వెనుక ఉన్న భావన పోలేదు. 2023 సెప్టెంబరు చివర జరిగిన రెండో విడత పోలింగులో మహమ్మద్ ముయిజ్జు గెలిచారు.

అడుగుతున్నది దేన్ని, వదులుకోనిది దేన్ని?

2023 నవంబరు నుంచి 2025 జూలై వరకు నడిచిన ఇరవై నెలలను నెలవారీగా రాసుకోండి. ఈ మొత్తం అంశానికి అది ఒక పాఠశాల లాంటిది.

ముయిజ్జు ప్రమాణం చేసిన వెంటనే భారత సైనిక సిబ్బందిని ఉపసంహరించమని అడిగారు. వారు ఎనభై మంది లోపు. రెండు ధ్రువ్ హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం నడుపుతూ దూరపు దీవుల నుంచి రోగులను తరలించడం, సముద్రంపై నిఘా వేయడం వారి పని. 2024 జనవరిలో ఆ దేశపు ముగ్గురు ఉపమంత్రులు మన ప్రధాని గురించి సామాజిక మాధ్యమాల్లో అనరాని మాటలు రాసి సస్పెండయ్యారు. మన దగ్గర అక్కడికి యాత్రలు మానుకోమన్న పిలుపులు వెల్లువెత్తాయి. ఆ నెలలోనే చైనా వెళ్లివచ్చిన ముయిజ్జు, తాము చిన్నవాళ్లమే కావచ్చు గానీ అది తమను బెదిరించే హక్కు ఎవరికీ ఇవ్వదన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. తిండిగింజల కోసం ఒకే దేశం మీద ఆధారపడబోమని, టర్కీ నుంచి తెప్పించుకుంటామని కూడా ప్రకటించారు.

విద్యార్థులు చాలామంది ఇక్కడితో ఆపి ‘సంబంధాలు దెబ్బతిన్నాయి’ అని ముగిస్తారు. తరువాతి గడులు చూడండి. 2024 మే 10 నాటికి సైనికుల స్థానంలో భారత పౌర సాంకేతిక సిబ్బంది వచ్చారు, హెలికాప్టర్లు, విమానం అక్కడే ఉన్నాయి. యూనిఫాం వెళ్లిపోయింది, సేవ మిగిలింది. ఇద్దరికీ కావలసింది ఇద్దరికీ దక్కింది. ఏప్రిల్‌లోనే పైన చెప్పిన నిత్యావసరాల కోటాను మన ప్రభుత్వం 1981 తరువాత అత్యధిక స్థాయికి పెంచింది. అదే నెలలో ముయిజ్జు పార్టీ పార్లమెంటు ఎన్నికల్లో ఘనంగా గెలిచింది, అంటే భారత వ్యతిరేక నినాదంతో ఇక గెలవవలసిన ఎన్నికలు దగ్గరలో లేవు. జూన్‌లో మన ప్రధాని ప్రమాణస్వీకారానికి ఆయన ఢిల్లీ వచ్చారు. అక్టోబరులో అధికారికంగా మళ్లీ వచ్చినప్పుడు, విదేశీ మారకం అడుగంటి అప్పుల గడువులు తరుముతున్న తన దేశానికి 40 కోట్ల డాలర్లు, మరో 3,000 కోట్ల రూపాయల కరెన్సీ స్వాప్ సదుపాయం పొందారు. 2025 జూలైలో మాల్దీవుల 60వ స్వాతంత్ర్య దినోత్సవానికి మన ప్రధాని ముఖ్య అతిథిగా వెళ్లారు. ఈ క్రమంలో ఏ ఒక్క గడి తీసేసినా కథ తలకిందులవుతుంది. మరోవైపు, మన దేశంతో ఉన్న సముద్రగర్భ సర్వే ఒప్పందాన్ని మాల్దీవులు పునరుద్ధరించలేదు, చైనాతో వాణిజ్య ఒప్పందం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ముయిజ్జు ‘మన వైపు వచ్చేశారు’ అనడం అందుకే తొందరపాటు.

ఈ ఇరవై నెలలను చదివేటప్పుడు ప్రతి సంఘటన పక్కన ఒక చిన్న ప్రశ్న వేసుకోండి: చిన్న దేశం ఇక్కడ అడుగుతున్నది ఏమిటి, వదులుకోనిది ఏమిటి? సైనికులు వద్దన్నది, హెలికాప్టరు వద్దనలేదు. టర్కీ బియ్యం తెస్తామన్నది, మన కోటా తిరస్కరించలేదు.

డబ్బు మాటలు విడదీసి రాయండి

‘భారత్ ఇన్ని కోట్లు ఇచ్చింది’ అన్న వాక్యం జవాబులో ఎక్కడ కనిపించినా కొట్టివేయమని చెబుతాను. గ్రాంటు అంటే తిరిగి చెల్లించనక్కరలేనిది. లైన్ ఆఫ్ క్రెడిట్ అంటే మన ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా వెళ్లే రాయితీ రుణం, సాధారణంగా అందులో అధిక భాగం సరుకులు, సేవలు మన దేశం నుంచే కొనాలి. కరెన్సీ స్వాప్ అంటే రెండు కేంద్ర బ్యాంకుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం, గడువు తీరగానే వెనక్కి ఇవ్వవలసినది. మాలే వంతెనల ప్రాజెక్టునే తీసుకుంటే, అందులో 10 కోట్ల డాలర్లు గ్రాంటు, 40 కోట్ల డాలర్లు రుణం. మొత్తాన్ని కలిపి ‘50 కోట్ల సాయం’ అని రాస్తే ఐదింట నాలుగు వంతులు అప్పు అన్న సంగతి దాగిపోతుంది. అప్పు తీర్చేవాడికి అది దాగదు.

2025 జూలైలో ప్రకటించిన 4,850 కోట్ల రూపాయల రుణ సదుపాయం మన కరెన్సీలో ఉండడం ప్రత్యేకంగా రాయదగిన విషయం. డాలర్లు దొరకని దేశానికి రూపాయల్లో అప్పు కాస్త ఊపిరి, మనకు రూపాయి చలామణి విస్తరించే దారి. అదే సందర్భంలో పాత రుణాలపై ఏటా కట్టవలసిన మొత్తాన్ని 40 శాతం తగ్గించారు. అప్పు పెంచడం, వాయిదా తగ్గించడం ఒకే పూట జరిగాయని గమనించిన విద్యార్థి మాల్దీవుల ఖజానా స్థితిని వేరే చదవకుండానే ఊహించగలడు.

ప్రకటనలను చదివే తీరు

పత్రికా వార్త కంటే ముందు రెండు ప్రభుత్వాల సంయుక్త ప్రకటన చదవండి, ఆ తరువాత ఒక్కో రాజధాని విడిగా ఇచ్చిన ప్రకటన చదివి తేడా గుర్తించండి. ఒకరు రాసి మరొకరు రాయని వాక్యం ఉంటే దాని కింద గీత గీయండి. అసలు బేరం జరిగినది అక్కడే. క్రియాపదాల మీద కన్ను ఉంచండి. ‘సంతకం చేశారు’, ‘అంగీకరించారు’, ‘పరిశీలిస్తామన్నారు’, ‘స్వాగతించారు’ అన్నవి నాలుగు వేర్వేరు మెట్లు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసులో భూమి కాగితం చదివే రైతు ‘అమ్మినాను’కూ ‘అమ్ముటకు ఒప్పుకున్నాను’కూ తేడా ఎంత జాగ్రత్తగా చూస్తాడో, అంత జాగ్రత్త ఇక్కడా కావాలి. పదవుల పేర్లు కూడా తప్పు రాయకూడదు. కామన్వెల్త్ దేశాలు ఒకదానికొకటి పంపే రాయబారిని హైకమిషనర్ అంటారు. మాల్దీవులు 2016లో కామన్వెల్త్ నుంచి వైదొలిగి 2020లో తిరిగి చేరింది, కాబట్టి ఇప్పుడు మాలేలో ఉన్న మన ప్రతినిధి హైకమిషనర్.

పక్కన పెట్టి పోల్చడానికి

ఒక్క జంటనే చదివితే అది ఆ రెండు దేశాల స్వభావంలా కనిపిస్తుంది. అందుకని ఇంకో రెండు మూడు తెలిసి ఉండాలి, లోతుగా అక్కరలేదు. పసిఫిక్‌లోని పలావ్ 1994 నుంచి అమెరికాతో స్వేచ్ఛా సహవాస ఒప్పందంలో ఉంది. రక్షణ బాధ్యత అమెరికాది, పలావ్ పౌరులు అమెరికాలో నివసించి పనిచేసుకోవచ్చు. పసిఫిక్‌లోనే ఉన్న మరో ద్వీప దేశం తువాలు, దాని జనాభా పది వేల పైచిలుకు. ఆస్ట్రేలియాతో 2023 నవంబరులో సంతకం చేసి 2024 ఆగస్టులో అమల్లోకి తెచ్చుకున్న ఫలెపిలి ఒప్పందం కింద ఏటా 280 మంది తువాలు పౌరులకు ఆస్ట్రేలియాలో స్థిరపడే వీలు కలిగింది. బదులుగా ఇతర దేశాలతో భద్రతా ఏర్పాట్లు చేసుకునే ముందు ఆస్ట్రేలియా అంగీకారం తీసుకోవాలి. సముద్రమట్టం పెరిగి నేల మునుగుతుందన్న భయం ఎంత పెద్దదైతే ఇలాంటి షరతుకు ఒక దేశం తలూపుతుందో ఆలోచించండి. మాల్దీవుల నేల కూడా సగటున సముద్రమట్టానికి మీటరున్నర ఎత్తే. అయినా అది అలాంటి షరతుకు ఒప్పుకోదు. ఆ తేడా ఎందుకన్నది మంచి చర్చనీయాంశం.

మారిషస్ మనకు మరింత దగ్గర. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి వెళ్లిన తెలుగువారి సంతతి అక్కడుంది, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. అగలెగా దీవిలో మన దేశం కట్టిన విమాన రన్‌వే, జెట్టీ 2024 ఫిబ్రవరిలో ప్రారంభమయ్యాయి. బంధుత్వం ఉన్న చోట కూడా ‘అది సైనిక స్థావరమా’ అన్న ప్రశ్న అక్కడి జనం అడిగారు.

ఈ ద్వీప సంబంధాలు మన ప్రాంతానికి పరాయివి కావు. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు బోధిసిరి శాసనంలో తామ్రపర్ణి (నేటి శ్రీలంక) ద్వీపపు ఆచార్యుల ప్రస్తావన, సింహళ విహారం పేరు ఉన్నాయి. సాగర్ జలాశయం ఒడ్డున నిలబడి ఆ కొండను చూసే ప్రతిసారీ, సముద్రానికి ఇంత దూరాన పదిహేడు వందల ఏళ్ల కింద ఒక ద్వీపంవారికి విహారం ఉండేదన్న సంగతి నన్ను నిలవేస్తుంది.

ఇక జవాబు

పదిహేను మార్కుల ప్రశ్నకు 250 పదాలు, చేతిలో ఉండేది పదకొండు నిమిషాలకు మించదు. కాబట్టి చరిత్ర మొత్తం రాసే ప్రయత్నం చేయవద్దు. మూడు సంఘటనలు ఎంచుకోండి, మూడింటికీ ఎడమ, కుడి గడులు రాయండి. ‘బుల్లి దేశం’, ‘విశ్వాసఘాతుకం’, ‘చైనా ఒళ్లో కూర్చుంది’ వంటి మాటలు టీవీ చర్చలకు వదిలేయండి. ‘కృతజ్ఞత’ అన్న మాట కూడా వాడవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే ఆ మాట రాయగానే ఆలోచన ఆగిపోతుంది. ఆంగ్ల పదానికి తెలుగు మాట తెలియకపోతే కష్టపడి సంస్కృత సమాసం సృష్టించవద్దు. కరెన్సీ స్వాప్‌ను కరెన్సీ స్వాప్ అనే రాయండి, దిద్దేవారికి అర్థమవుతుంది.

తొలి పేరా నమూనా ఇది: ‘298 చదరపు కిలోమీటర్ల నేల, సుమారు 9 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రం ఉన్న మాల్దీవులకు భద్రతలో, ఆహారంలో, అత్యవసర సాయంలో భారత్ సహజమైన తొలి ఆశ్రయం. అయితే ఆ సామీప్యమే అక్కడి ఎన్నికల రాజకీయాల్లో సార్వభౌమత్వ భయంగా వ్యక్తమవుతోంది. 2023–25 పరిణామాలు తెగదెంపులను గానీ పూర్తి విధేయతను గానీ సూచించవు, ఆధారపడక తప్పని దేశం తన షరతులను తిరిగి బేరమాడుకున్న తీరును సూచిస్తాయి.’ ఇందులో విశేషణాలు తక్కువ, అంకెలు రెండే, వైఖరి స్పష్టంగా ఉంది. తరువాత 2014 నీటి సంక్షోభం ఒక పేరా, 2012 విమానాశ్రయం ఒక పేరా, 2024 మే నాటి మార్పిడి ఒక పేరా. ముగింపులో సూచనలు రాయదలిస్తే పనికొచ్చేవి రాయండి: గ్రాంటుల వాటా, దూరపు దీవుల్లో చిన్న పనులు, అధికార పక్షంతో పాటు ప్రతిపక్షంతోనూ మాటలు, ఒప్పందాల పాఠాన్ని అక్కడి పార్లమెంటు ముందు ఉంచడం.

సాధన కోసం హిందూ మహాసముద్రంలోని మరో ద్వీప దేశం సీషెల్స్‌ను తీసుకోండి. అజంప్షన్ దీవిలో సౌకర్యాల అభివృద్ధికి 2015లో మన దేశంతో ఒప్పందం కుదిరింది, 2018 జనవరిలో సవరించి మళ్లీ సంతకం చేశారు, అయినా అక్కడి జాతీయ సభ ఆమోదం దొరకక అది ఆగిపోయింది. పేజీ మధ్యలో గీత గీసి, ముందు కుడివైపు గడి నింపండి. దేవరకొండ అమ్మాయి ఈసారి అలాగే చేసింది. ఆ దేశపు విస్తీర్ణం, సభలో ఎవరికి ఎన్ని సీట్లు, ఆ దీవి పక్కనే ఉన్న అల్దాబ్రా పగడపు దీవిలోని పెద్ద తాబేళ్ల కోసం ఆందోళన చేసిన పౌరులు, ఇవన్నీ రాసుకున్న తరువాతే ఎడమవైపు మన దేశం పేరు రాసింది.